గుంపులో మనకు చోటు చేసే కుక్క: ఒక సందేహానికి జవాబు

ఎమ్మెస్ చదవడానికి వచ్చిన ఒక కుర్రవాడు ఇలా అడిగాడు: "అన్నగారూ, కారు ప్రమాదం తరువాత వెనక నుంచి ఎవరు దగ్గరగా వచ్చినా గుండె దడ పట్టుకుంటోంది. డాక్టరు పీటీఎస్‌డీ, అంటే ఘోరమైన అనుభవం తరువాత మిగిలిపోయే మానసిక రుగ్మత, అన్నారు. జనంలో మీ చుట్టూ చోటు చేసే మీ కుక్కలాంటిదాన్ని నేనే తయారు చేసుకోవచ్చా?"

చేసుకోవచ్చు. 1990 నాటి అమెరికా వికలాంగుల చట్టం, అంటే ఏడీఏ, సర్వీస్ డాగ్‌కు, అంటే వైకల్యం ఉన్నవారికి సాయపడుతూ దుకాణాల వంటి చోట్లకు వెంట వెళ్లే కుక్కకు, ఏదో ఒక సంస్థే శిక్షణ ఇవ్వాలని ఎక్కడా చెప్పదు. సర్టిఫికెట్టూ, రిజిస్ట్రేషనూ అడగదు. ఇంటర్నెట్టులో డబ్బు తీసుకుని పంపే గుర్తింపు కార్డులు చట్టం ముందు చెల్లవు కనుక, ఆ డబ్బుతో మంచి హార్నెస్ కొనుక్కోండి. అయితే పక్కన ఉంటే ధైర్యంగా ఉంటుందన్నంత మాత్రాన అది సర్వీస్ డాగ్ కాదు. మీ ఇబ్బందికి సంబంధించిన ఒక నిర్దిష్టమైన పని అది నేర్చుకుని ఉండాలి.

ఇక్కడే చాలామంది పొరబడతారు. కుక్క చోటు చేయడమంటే జనాన్ని భయపెట్టడం కాదు, మీకూ వారికీ మధ్య ఊరికే నిలబడడం. గుర్రుమన్నా, మీదికి దూకినా, మీరు అదుపు చేయలేకపోతే దాన్ని బయటికి తీసుకుపొమ్మనే హక్కు దుకాణం వారికి ఉంది.

మా లాబ్రడార్‌కు రెండు తెలుగు మాటలు నేర్పాను: "అడ్డం" అంటే నా మోకాళ్ల ముందు అడ్డంగా నిలబడాలి, "వెనక" అంటే నా వీపు వైపు కాయాలి. మొదట నా పాదాల ముందు సన్నని చాప అడ్డంగా పరిచి, చికెన్ ముక్క చూపించి, నాలుగు కాళ్లూ దాని మీదికి వచ్చాక మాట చెప్పి, అది నిలబడిన చోటనే నోటికి అందించేవాణ్ణి. కదిలాక పెడితే కదలడమే నేర్చుకుంటుంది. రెండు సెకన్లు నిలబడినది రెండు నిమిషాలు నిలబడగలిగిన తరువాతనే మా ఆవిడను దాని చుట్టూ నడవమన్నాను. ఆపైన చాపను మడుస్తూ మడుస్తూ తీసివేసి, పార్కింగ్ లాటుకూ, కుక్కలను రానిచ్చే దుకాణానికీ, చివరికి శనివారం సాయంత్రపు క్యూకూ తీసుకువెళ్లాను. ఎదుటివారిని వాసన చూస్తూ ముందుకు సాగిందంటే తొందరపడ్డది మనమే, ఒక మెట్టు వెనక్కి రావాలి. శిక్షణలో ఉన్న కుక్కకు ఏడీఏ రక్షణ వర్తించదు, దాని ప్రవేశం ఆయా రాష్ట్రాల చట్టాలను బట్టి ఉంటుంది కనుక, ముందుగా మీ రాష్ట్రపు నియమం చూసుకోండి.

తెలుగు మాటలైతే దారిన పోయేవారి నోట రావని మురిసిపోయాను కానీ, ఒకనాడు ఇండియన్ గ్రోసరీలో బియ్యం బస్తాల బండి తోసుకొస్తూ ఒక పెద్దాయన "కాస్త అడ్డం తప్పుకోండి బాబూ" అనేసరికి, మావాడు బుద్ధిగా వచ్చి నా ముందు అడ్డంగా నిలబడ్డాడు. ఇద్దరమూ నవ్వుకున్నాము. ఇరుకు దారిలో ఈ పని చేయించకూడదని కూడా ఆరోజే తెలిసింది.

ఆ కుక్క ఎందుకో చూడగానే తెలియనప్పుడు, సిబ్బంది రెండే ప్రశ్నలు అడగవచ్చు: ఇది వైకల్యం కారణంగా అవసరమైన కుక్కేనా, ఏ పని నేర్చుకుంది? జబ్బు వివరాలు అడగకూడదు, పని చేసి చూపించమనకూడదు. "జనానికీ నాకూ మధ్య నిలబడుతుంది" అన్న ఒక్క వాక్యం ఇంగ్లీషులో తడబడకుండా చెప్పడం అలవాటు చేసుకోండి.

గుడి సంగతి వేరు. మతసంస్థలకు ఏడీఏలోని ఈ నియమాలు వర్తించవు, కాబట్టి కమిటీ వారు వద్దంటే వాదించే వీలు లేదు. మా ఊళ్లో గర్భగుడి వైపు రానివ్వలేదు. మనసు చివుక్కుమన్నా, రద్దీ లేని మంగళవారం ఉదయం కుక్కను ఇంట్లో ఉంచి వెళ్లి వస్తున్నాను. ఉగాది భోజనాల వరుసకు మాత్రం, హాలు ఎవరిదో, కుక్కను రానిస్తారో లేదో ముందే ఫోను చేసి కనుక్కుంటాను.