డనాంగ్ యాత్ర: ప్యాకేజీ మానేస్తే మిగిలేది ఎంత, మోయవలసింది ఎంత?

ప్రశ్న: మేము విశాఖపట్నంలో ఉంటాము. నా చేతికి వచ్చే జీతం నెలకు 68,000 రూపాయలు. నా భార్యకు ట్యూషన్ల ద్వారా 15,000 వస్తాయి. ఇంటి రుణం వాయిదా 21,000తో కలిపి నెల ఖర్చు 58,000. సిప్‌లో (మ్యూచువల్ ఫండ్‌లో నెలనెలా మదుపు) 8,000, రికరింగ్ డిపాజిట్‌లో 10,000 వేస్తున్నాము. ఆర్‌డీలో ఇప్పటికి 1,20,000, అత్యవసరాల కోసం ఎఫ్‌డీలో 1,80,000 ఉన్నాయి. ఈ దసరా సెలవుల్లో ఏడేళ్ల మా పాపను తీసుకుని వియత్నాంలోని డనాంగ్‌కు ఆరు రాత్రులు వెళ్లి రావాలని ఉంది. ట్రావెల్ ఏజెంటు ముగ్గురికీ కలిపి 2,55,000 అడుగుతున్నాడు. సొంతంగా వెళ్తే ఎంతలో అవుతుంది? తక్కువపడిన మొత్తానికి పర్సనల్ లోన్ తీసుకోవాలా, ఎఫ్‌డీ తీయాలా? సముద్రం ఒడ్డున ఉంటూ ఇంకో సముద్రం చూడటానికి లక్షలు పోస్తారా అని మా నాన్నగారు అంటున్నారు.

సమాధానం: మీరు సొంతంగా వెళ్తే నా అంచనా ప్రకారం సుమారు 1,60,000 రూపాయలు ఖర్చవుతుంది. కానీ చేతిలో 2,00,000 లేకుండా బయలుదేరవద్దు. ఏజెంటుకు మీరిచ్చే డబ్బులో హోటలు గది, టికెట్లతో పాటు ఒక బాధ్యత ధర కూడా ఉంటుంది. విమానం ఆలస్యమైనా, కారు రాకపోయినా, వానకు ఒక రోజు కార్యక్రమం రద్దయినా, మరో ఏర్పాటు చూడవలసింది అతడే. సొంతంగా వెళ్లినప్పుడు ఆ పని మీ మీద పడుతుంది కాబట్టి, దానికి కావలసిన 40,000 ముందే పక్కన పెట్టుకోవాలి. అంటే ప్యాకేజీతో పోలిస్తే మీకు మిగిలేది 95,000 అని ఇప్పుడే లెక్క వేసుకోకూడదు. 55,000 ఖాయంగా మిగులుతుందని, తక్కిన 40,000 మీరు క్షేమంగా ఇల్లు చేరాక మిగిలితే మిగులుతుందని అనుకోవాలి.

అప్పు సంగతి త్వరగా తేల్చేద్దాము. ప్యాకేజీ ఖర్చంతా అప్పుగానే, అంటే సుమారు రెండున్నర లక్షలు, 14 శాతం వడ్డీకి 24 నెలలకు తీసుకుంటే వాయిదా నెలకు 12,000 దాకా వస్తుంది. వడ్డీకే దాదాపు 38,000 పోతుంది, ప్రాసెసింగ్ రుసుము అదనం. మీ ఆదాయంలో ఖర్చులు, పొదుపు పోగా మిగిలేది 7,000 మాత్రమే కాబట్టి, ఆ వాయిదా కట్టాలంటే సిప్‌ గాని, ఆర్‌డీ గాని ఆపక తప్పదు. ఎఫ్‌డీలోని 1,80,000 మీ ఇంటి ఖర్చుకు మూడు నెలలకు కాస్త పైన సరిపోతుంది. ఇంటి రుణం ఉన్న కుటుంబానికి అది ఎక్కువేమీ కాదు, పైగా యాత్ర అత్యవసరమూ కాదు. దాన్ని ముట్టుకోకండి.

మీ ప్రశ్నలో నాకు అన్నిటికంటే ఇబ్బందిగా తోచినది దసరా అన్న మాట. మధ్య వియత్నాం తీరంలో సెప్టెంబరు నుంచి డిసెంబరు వరకు వానకాలం. అందులోనూ అక్టోబరు, నవంబరు నెలల్లో తుపానులు, కుంభవృష్టి సాధారణం. 2020 అక్టోబరులో వరుస తుపానులతో ఆ ప్రాంతమంతా వరద పాలైంది. 2025 అక్టోబరు చివర డనాంగ్‌కు 30 కిలోమీటర్ల దూరంలోని హోయ్ ఆన్ పాతపట్నం వీధులు నీట మునిగాయి. అప్పుడు హోటళ్లు చవగ్గా దొరుకుతాయన్నది నిజమే. అయితే ఎర్ర జెండాలు పాతిన బీచిని హోటలు కిటికీలోంచి చూసే గది ఎంత చవకైతే ఏమి లాభం? హుద్‌హుద్ తుపాను చూసిన విశాఖవాసులకు అక్టోబరు సముద్రం గురించి నేను వేరే చెప్పనక్కరలేదు.

అందుచేత యాత్రను పాప వేసవి సెలవులకు, మే రెండో వారానికి జరపండి. అప్పుడు అక్కడ ఎండ గట్టిగానే ఉంటుంది, కానీ వాన బెడద అంతగా ఉండదు. ఏప్రిల్ 30, మే 1 వియత్నాంలో జాతీయ సెలవులు. ఆ వారం దేశమంతా తీరానికే తరలుతుంది కనుక గదుల ధరలు పెరుగుతాయి. జూన్ నుంచి అక్కడి బడుల సెలవులు, డనాంగ్ బాణసంచా ఉత్సవం మొదలవుతాయి. ఈ రెండు రద్దీల మధ్య ఉన్న వారాలు జేబుకు అనుకూలం. మీ డబ్బుకు కూడా ఆ తేదీ సరిగ్గా కుదురుతుంది. సెప్టెంబరు నుంచి ఏప్రిల్ వరకు ఎనిమిది వాయిదాలు వేస్తే ఆర్‌డీలో 80,000 చేరి, వడ్డీ కాక 2,00,000 అవుతుంది. టికెట్లు జనవరి, ఫిబ్రవరిల్లో కొనాలి కాబట్టి అప్పుడు ఆర్‌డీని ముందుగా మూసివేయవలసి రావచ్చు. వడ్డీలో కొంత కోత పడినా అది చిన్న మొత్తమే. తక్కిన నెలల 10,000 విడిగా ఒక పొదుపు ఖాతాలో వేయండి.

ఈ యాత్రలో సగానికి పైగా ఖర్చు విమానాలదే. నేను మనిషికి 28,000 చొప్పున 84,000 వేశాను. రెండేళ్లు దాటిన పిల్లలకు చవక విమాన సంస్థలు సాధారణంగా పెద్దల ఛార్జీయే తీసుకుంటాయి, సామానుకు, సీటుకు వేరుగా కట్టించుకుంటాయి. కౌలాలంపూర్ మీదుగా గాని, బ్యాంకాక్ మీదుగా గాని, హైదరాబాద్ మీదుగా గాని మీరు ఎక్కడో ఒకచోట విమానం మారవలసిందే. రెండు వేర్వేరు టికెట్లు కొంటే మూడు నాలుగు వేలు తగ్గినట్లు కనిపిస్తుంది. కొన్నేళ్ల కిందట నేను ఆ తగ్గింపుకు ఆశపడి, మొదటి విమానం మూడు గంటలు ఆలస్యం కావడంతో రెండోది తప్పిపోయి, అర్ధరాత్రి కౌంటరు దగ్గర నిలబడి మా ఇద్దరికీ కొత్త టికెట్ల కోసం 31,000 కట్టాను. వేర్వేరు టికెట్లయితే రెండో సంస్థకు మొదటి ఆలస్యంతో సంబంధం లేదు. ఒకే బుకింగ్‌లో గమ్యం దాకా టికెట్ తీసుకుంటే తరువాతి విమానం ఎక్కించే బాధ్యత వారిదే, సామాను కూడా నేరుగా చేరుతుంది. పొదుపు పేరుతో ఇక్కడ మాత్రం తెగించవద్దు.

బసకు ఆరు రాత్రులకు 15,000 చాలు. ‘మీ ఖే’ అనే బీచికి ఎదురుగా ఉన్న వరుసను వదిలి, రెండు మూడు సందులు వెనక్కు వెళ్తే శుభ్రమైన మూడు నక్షత్రాల హోటళ్లు దొరుకుతాయి. ఐదు నిమిషాల నడకకు మీరు పొందే తగ్గింపు చాలా ఎక్కువ. విమానాశ్రయం ఊరిలోనే ఉంది కనుక రాకపోకల ఖర్చు స్వల్పం. భోజనానికి రోజుకు 2,500 చొప్పున ఏడు రోజులకు 17,500 వేశాను. భారతీయ హోటళ్లలోనే పూటపూటా తింటే ఇది చాలదు. మీరు శాకాహారులైతే బోర్డు మీద ‘చాయ్’ అని పలికే మాట కోసం చూడండి. అక్కడ దానికి అర్థం తేనీరు కాదు, శాకాహారం. చాంద్రమాన నెలలో మొదటి రోజున, పదిహేనో రోజున చాలామంది బౌద్ధులు మాంసం మానేస్తారు కాబట్టి ఇలాంటి భోజనశాలలు చాలానే ఉంటాయి. మిగతా చోట్ల చేపల రసం పడని కూర అరుదు.

మీ నాన్నగారి మాటను నేను తీసిపారేయను. కేవలం ఇసుక, అలల కోసమైతే రుషికొండ చాలు. డనాంగ్‌లో డబ్బు పెట్టదగినవి వేరే ఉన్నాయి. 666 మీటర్ల డ్రాగన్ వంతెన వారాంతాల్లో రాత్రి తొమ్మిదికి నిప్పులు కక్కడం, సోన్ ట్రా కొండ మీద 67 మీటర్ల బోధిసత్వ విగ్రహం, ఇవి రెండూ ఉచితం. కొండపై బంగారు వంతెన ఉన్న బా నా హిల్స్ ప్రవేశం పెద్దలకు తొమ్మిది, పది లక్షల డాంగ్‌లు (వియత్నాం కరెన్సీ), అంటే మనిషికి మూడు వేల రూపాయలకు పైనే. ఒకప్పుడు ఆ ప్రాంతాన్ని ఏలిన చామ్ రాజుల శివాలయాలున్న ‘మీ సోన్’ అనే చోటికి ప్రవేశం ఒక లక్షన్నర డాంగ్‌లే, కారు ఖర్చు వేరు. నేనైతే ‘మీ సోన్’కే ఓటు వేస్తాను, మీ పాప బహుశా రోప్‌వే ఉన్న బా నాకు వేస్తుంది. రెండింటికీ సరిపోయేలా ప్రవేశాలకు 14,500 వేశాను. లోపలి ప్రయాణాలకు 8,000, వీసాలకు 7,000, బీమాకు 3,000, ఫోన్ సిమ్‌కు 1,000, కొనుగోళ్లకు 10,000 కలిపితే మొత్తం 1,60,000 అవుతుంది.

వియత్నాం ఈ-వీసా రుసుము ఒకసారి ప్రవేశానికి 25 డాలర్లు. తిరస్కరించినా తిరిగి రాదు కాబట్టి పేరు, పాస్‌పోర్టు సంఖ్య ఒకటికి రెండుసార్లు సరిచూసి, ఆ దేశ ప్రభుత్వ వెబ్‌సైటులోనే దరఖాస్తు చేయండి. విదేశీ టూర్ ప్యాకేజీ కొంటే మొదటి రూపాయి నుంచే టీసీఎస్ (అమ్మేవారు ముందుగానే వసూలు చేసే ఆదాయపు పన్ను) పడుతుంది; రిటర్నులో సర్దుబాటు అవుతుంది గాని అప్పటిదాకా ఆ డబ్బు మీ చేతిలో ఉండదు. విమానం టికెట్టు ఒకచోట, హోటలు మరోచోట విడివిడిగా కొంటే అది ప్యాకేజీ కాదు. ఫారెక్స్ కార్డులో (విదేశీ కరెన్సీ నింపుకునే కార్డు) వేసుకునే డబ్బుపైనా 10 లక్షలు దాటితే తప్ప టీసీఎస్ లేదు.

డబ్బును మూడు రకాలుగా తీసుకువెళ్లండి: కొంత ఫారెక్స్ కార్డులో, మూడు నాలుగు వందల డాలర్లు నోట్లుగా, అవాంతరాలకు ఒక క్రెడిట్ కార్డు. మామూలు క్రెడిట్ కార్డు గీస్తే మారకంపై రెండు నుంచి మూడున్నర శాతం దాకా అదనపు రుసుము, దానిపై 18 శాతం జీఎస్టీ పడతాయి. కార్డు యంత్రం రూపాయల్లో తీసుకోమంటారా, డాంగ్‌లలోనా అని అడిగితే డాంగ్‌లే ఎంచుకోండి. రూపాయలు అన్నారంటే వారి ఇష్టమైన రేటు వేస్తారు. లక్ష డాంగ్‌లంటే సుమారు 340 రూపాయలని గుర్తుంచుకుంటే లెక్క తేలిక. ఇంకొక జాగ్రత్త: 20,000 నోటూ, 5,00,000 నోటూ రెండూ నీలంగానే ఉంటాయి. చీకట్లో టాక్సీ దిగుతూ ఒకదానికి బదులు మరొకటి ఇస్తే 70 రూపాయల చోట 1,700 పోతాయి.

అక్కడ అద్దె స్కూటరు చాలా చవక, అందరూ తిరుగుతారు కూడా. కానీ మన దేశంలో ఇచ్చే అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ 1949 నాటి అంతర్జాతీయ రోడ్డు రవాణా ఒప్పందం ప్రకారం ఉంటుంది, వియత్నాం 1968 ఒప్పందం ప్రకారం ఇచ్చినదాన్నే గుర్తిస్తుంది. చెల్లే లైసెన్సు లేకుండా నడిపి పడితే బీమా సంస్థ క్లెయిము తిరస్కరించవచ్చు. రోజుకు మూడు నాలుగు వందలు మిగుల్చుకోవడానికి మీ 3,000 రూపాయల బీమానూ, దాని వెనకున్న లక్షల రక్షణనూ వదులుకోవద్దు. గ్రాబ్ యాప్‌లో కారు పిలుచుకోండి.

పాప పాస్‌పోర్టు గురించి మీరేమీ రాయలేదు. లేకపోతే ఈ నెలలోనే దరఖాస్తు చేయండి. మైనర్లకు సాధారణ రుసుము 1,000 రూపాయలు, ఎనిమిదేళ్ల లోపు వారికి 10 శాతం తగ్గింపు ఉంది. మీ ఇద్దరి పాస్‌పోర్టులకు మే తరువాత కనీసం ఆరు నెలల గడువు ఉందో లేదో చూసుకోండి. పక్కన పెట్టిన 40,000లో తిరిగి వచ్చిననాటికి ఎంత మిగిలితే అంత, ఆ వారంలోనే అత్యవసరాల ఎఫ్‌డీకి చేర్చండి.