సేంద్రియ ఉగ్గుపిండి ఎందుకు ముక్కిపోయింది?

ప్రశ్న: మా పాపకు ఏడు నెలలు నిండాయి. సేంద్రియ గుర్తు ఉన్న రాగులు, పెసరపప్పు, బాదం కొన్నాను. రాగులను మొలకగట్టి, అన్నీ కలిపి మా వీధిలోని మరలో ఆడించి, ఇంటికి తేగానే డబ్బాలో పోసి మూత బిగించాను. మూడు వారాలకే పిండికి ముక్కిన వాసన వచ్చింది, జావ కాస్తే చిరుచేదుగా ఉంది. సేంద్రియ గుర్తే నకిలీదని కొందరు అంటున్నారు. ఆ పిండిని ఎండబెట్టి వాడవచ్చునా?
- ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: వాడకండి, పెద్దల దోసెల పిండిలో కూడా కలపకండి. ఎండ తేమను తీస్తుందే తప్ప పాడైన నూనెను బాగుచేయలేదు. బూజు కూడా పట్టి ఉంటే, అందులో పుట్టే అఫ్లాటాక్సిన్ అనే విషం వేయించినా ఉడికించినా పూర్తిగా పోదు. 1974లో రాజస్థాన్, గుజరాత్ గ్రామాలలో బూజు పట్టిన మొక్కజొన్న తిని కాలేయం దెబ్బతిని వంద మందికి పైగా మరణించారు. ఆ కారణాన్ని వెలికితీసినవారిలో మన హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు ఉన్నారు.

మీరు చెప్పిన లక్షణాలను బట్టి గుర్తును అనుమానించనక్కరలేదు. సేంద్రియ ప్యాకెట్లపై ఉండే జైవిక్ భారత్ గుర్తు ఆ పంటను సేంద్రియ ప్రమాణాల ప్రకారం పండించి, ప్యాక్ చేశారని తెలుపుతుంది. ప్యాకెట్ కత్తిరించిన క్షణం నుంచి ఆ నాణ్యతను కాపాడవలసినది మన చేతులే.

మీ పిండిలో నాకు ముందుగా కనిపిస్తున్న లోపం బాదం. గింజగా ఉన్నంతకాలం లోపల భద్రంగా ఉండే నూనె, పొడి కాగానే గాలి తగిలి చేదెక్కుతుంది. రెండవది మూత. మర నుంచి వచ్చిన పిండి చేయి పెడితే చురుక్కుమనేంత వేడిగా ఉంటుంది. అప్పుడే మూత బిగిస్తే లోపలి ఆవిరి మూతకు బొట్లుగా పట్టి, తిరిగి పిండిలోకే రాలుతుంది. పిండిని పళ్లెంలో పలుచగా పరచి, పూర్తిగా చల్లారాకే సీసాకు ఎత్తండి. బాదంను విడిగా ఉంచి, రెండు మూడు రోజులకు సరిపడా మాత్రమే మెత్తగా పొడి చేసుకోండి.

మొలకగట్టడం మంచి పనే. దానివల్ల ఇనుమును ఒంటికి పట్టనివ్వని ఫైటిక్ ఆమ్లం తగ్గుతుంది, జావ పలుచబడి అదే గిన్నెలో ఎక్కువ పిండి ఇముడుతుంది. అయితే మొలకకు కావలసిన తడి, వెచ్చదనమే సూక్ష్మక్రిములకూ కావాలి. అందుకే మట్టి, తాలు పోయేలా గాలించి, నానబెట్టిన నీటిని పారబోసి, మొలకలు గలగలమనేంతవరకు ఆరబెట్టి, దోరగా వేయించి, జావను బాగా ఉడికించాలి. కాచిన జావను రెండు గంటలకు మించి బయట ఉంచవద్దు.

చాలామంది తల్లులు మెత్తదనం కోసం రాగిపిండిని పలుచని గుడ్డలో జల్లించి పొట్టంతా పారేస్తారు. వంద గ్రాముల రాగులలో 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది, అందులో పెద్ద భాగం ఆ పొట్టులోనే ఉంది. మీరు మామూలు జల్లెడతో సరిపెట్టుకోండి. మరలో మీకంటే ముందు ఎవరి మిరపకాయలో, గోధుమలో ఆడించి ఉండవచ్చు కనుక ఉదయం మర శుభ్రం చేసిన వెంటనే వెళ్లండి, లేదా ఇంట్లోని మిక్సీలో వారానికి సరిపడా ఆడించుకోండి.