ప్రశ్నలు – జవాబులు: పిస్టల్ మొరాయిస్తే ముందు దేన్ని అనుమానించాలి?

ప్రశ్న: నేను విజయనగరంలో డిగ్రీ చదువుతూ, ఆదివారాల్లో విశాఖ వెళ్లి క్లబ్బు వారి పాయింట్ 22 సెమీ ఆటోమేటిక్ పిస్టల్‌తో 25 మీటర్ల విభాగంలో సాధన చేస్తున్నాను. మొదటి నలభై, యాభై రౌండ్లు సాఫీగా సాగుతాయి. ఆ తర్వాత తరచుగా పేలిన ఖాళీ కేసు (తూటా తొడుగు) బయట పడకుండా, ప్రతి తూటాకూ వెనక్కి జరిగి వచ్చే పై భాగం, అంటే స్లైడ్, సందులో నిలువుగా ఇరుక్కుంటోంది. కోచ్‌గారు నా మణికట్టు సడలుతోందంటున్నారు. తోటివారు పిస్టల్ పాతబడిపోయిందంటున్నారు. ఎవరి మాట నిజం?
– ఒక పాఠకురాలు, విజయనగరం

జవాబు: మీ ఉత్తరంలో అన్నిటికంటే విలువైన మాట ‘మొదటి నలభై, యాభై రౌండ్లు సాఫీగా’ అన్నది. స్ప్రింగో, ఖాళీ కేసును బయటికి లాగే కొక్కెం ఎక్స్‌ట్రాక్టరో అరిగిపోయి ఉంటే, అది మొదటి మ్యాగజైన్‌లోనే (తూటాలు నింపే డబ్బా) ఎక్కడో ఒకచోట బయటపడి ఉండేది. రౌండ్ల లెక్క పెరిగేకొద్దీ పెరిగేవి ముఖ్యంగా రెండు: చాంబర్‌లో (తూటా కూర్చునే గది) పేరుకునే మసి, మీ చేతి అలసట.

ఈ తరహా పిస్టళ్లలో స్లైడ్‌ను వెనక్కి నెట్టేది పేలిన తూటా ఒత్తిడి మాత్రమే, దాన్ని నిలువరించేవి స్లైడ్ బరువు, స్ప్రింగ్ బలం. పాయింట్ 22 తూటాకు శక్తి తక్కువ కాబట్టి ఆ కొద్దిపాటి ఊపులో కొంత మసి రాపిడికి పోయినా, మణికట్టు వదులై పిస్టల్ మొత్తం చేతితో పాటు వెనక్కి కదలడంలో పోయినా, స్లైడ్ చివరిదాకా వెళ్లదు. అలా సగంలో తిరిగి వచ్చే స్లైడ్ ఖాళీ కేసును పట్టేసుకుంటుంది. పైగా ఈ తూటాల సీసపు గుండ్లకు మైనం పూత ఉంటుంది. మన ఎండలకు అది మెత్తబడి, మందు మసితో కలిసి చాంబర్ గోడలకు జిగురులా అంటుకుంటుంది.

తేల్చుకోవడానికి ఒక పరీక్ష ఉంది. ఈసారి కేసు ఇరుక్కున్నప్పుడు వేలు ట్రిగ్గర్ గార్డు బయట ఉంచి, గొట్టం లక్ష్యం వైపే ఉండగా మ్యాగజైన్ తీసి, స్లైడ్ లాగి, చాంబర్ ఖాళీ అయిందని కళ్లతో చూసుకోండి. ఆ తర్వాత ఏమీ తుడవకుండా అదే మ్యాగజైన్, అదే పెట్టెలోని తూటాలతో మీ కోచ్‌గారిని రెండు సిరీస్‌లు కాల్చమనండి. ఆయన చేతిలో సాఫీగా నడిస్తే లోపం పట్టుదే అయ్యే అవకాశం ఎక్కువ. ఆయనకూ ఇరుక్కుంటే చాంబర్‌ను బ్రష్‌తో శుభ్రం చేసి మీరే మళ్లీ కాల్చి చూడండి. రెండు మార్పులు ఒకేసారి చేస్తే ఏది పనిచేసిందో ఎప్పటికీ తెలియదు. (నేను ఒక వేసవి మొత్తం స్ప్రింగ్, తూటాల రకం, పట్టు అన్నీ ఒకే వారంలో మార్చి, చివరికి మ్యాగజైన్ పైన తూటాను పట్టి ఉంచే పెదవి ఒకటి రవ్వంత వంగిందని కనిపెట్టాను.) అందుకే మ్యాగజైన్లకు 1, 2 అని గుర్తులు పెట్టి, ఏ రౌండు దేనిలో ఆగిందో చిన్న పుస్తకంలో రాసుకోండి. నింపేటప్పుడు పై తూటా అడుగున ఉబికి ఉండే అంచు కింది తూటా అంచుకు వెనకపడకుండా చూడండి, లేకపోతే రెండు అంచులూ కొక్కెంలా పట్టుకుంటాయి.

ప్రశ్న: ట్రిగ్గర్ నొక్కితే ‘టిక్’ మని శబ్దం వచ్చి తూటా పేలడం లేదు. పోటీలో ఇలా జరిగితే ఏం చేయాలి?
– ఒక పాఠకుడు, శ్రీకాకుళం

జవాబు: సాధనలో అయితే కనీసం 30 సెకన్లు గొట్టం లక్ష్యం వైపే ఉంచి ఆగండి. మందు ఆలస్యంగా అంటుకోవచ్చు. తర్వాత బయటికి తీసిన తూటా అంచు మీద పిన్ను (తూటాను కొట్టి పేల్చే సూది) గుర్తు చూడండి. లోతుగా పడి ఉంటే తూటా లోపం కావచ్చు, ఎందుకంటే వీటిలో పేలుడు మందు అంచు లోపల చుట్టూ పరచుకుని ఉంటుంది, అక్కడక్కడా పలచబడుతుంది. గుర్తు పైపైన ఉంటే పిన్ను దారిలో మురికో, బలం తగ్గిన స్ప్రింగో ఉంది. టిక్కు కాకుండా ‘తుస్’ మన్న బలహీనమైన శబ్దం వచ్చి కాగితం మీద రంధ్రం పడకపోతే మాత్రం వెంటనే ఆపాలి. గుండు గొట్టంలోనే నిలిచిపోయి ఉండవచ్చు, ఆ మీద మరో తూటా కాల్చడం ప్రమాదం.

పోటీలో మొదటి పని పిస్టల్‌ను సరిచేయబోవడం కాదు. పట్టు వదలకుండా, గొట్టం లక్ష్యం వైపు ఉంచి, ఖాళీ చేయి పైకెత్తి రేంజ్ ఆఫీసర్‌కు చెప్పండి. మీరే సరిచేయబోతే అది పిస్టల్ లోపమని చెప్పుకునే హక్కు పోవచ్చు. వేగంగా కాల్చే ర్యాపిడ్ దశలో ఒక్కో గుండుకు లక్ష్యం కనిపించేది 3 సెకన్లే కాబట్టి చేయి తనంతట తాను స్లైడ్ మీదికి పోతుంది. అందుకే చేయెత్తడం కూడా సాధనలో ఒక భాగం కావాలి. 2021లో టోక్యో ఒలింపిక్స్‌లో షూటర్ మను భాకర్ పిస్టల్ ఎయిర్ పిస్టల్ విభాగం క్వాలిఫికేషన్ మధ్యలో మొరాయించి, విలువైన నిమిషాలు పోయి, ఆమె ఫైనల్‌కు చేరలేదు. సెమీ ఆటోమేటిక్ కాకపోయినా యంత్రం ఎవరినీ చూసి ఊరుకోదు.

ప్రశ్న: ట్రిగ్గర్ తేలికగా ఉండేలా స్ప్రింగ్ కత్తిరించుకోవచ్చా?
– ఒక పాఠకుడు, బొబ్బిలి

జవాబు: వద్దు. 25 మీటర్ల పిస్టల్‌లో ట్రిగ్గర్ కనీసం 1,000 గ్రాములు మోయాలి, పోటీకి ముందు బరువు వేలాడదీసి చూస్తారు. పైగా పిన్నును కొట్టే సుత్తి స్ప్రింగ్ బలం తగ్గితే పై ప్రశ్నలోని ‘టిక్’ మీ ఇంటికీ వస్తుంది.