సూదిబెజ్జం లోంచి ఎండ పంపితే వివర్తన వలయాలు ఎందుకు కనబడవు?

అల్యూమినియం రేకుకు సూదితో బెజ్జం పొడిచి ఎండ పంపితే గోడ మీద గుండ్రటి మచ్చ ఒక్కటే పడుతోంది, పుస్తకంలో వేసినట్టు చుట్టూ వివర్తన వలయాలు (సన్నటి బెజ్జం దాటేటప్పుడు కాంతి వంగి పరుచుకోవడం, అంటే వివర్తనం, వల్ల వచ్చేవి) రావట్లేదు, బెజ్జం సరిగా పడలేదా అని అడిగారు. బెజ్జం బాగానే ఉంది. మీకు కనబడుతున్నది సూర్యుడి బొమ్మ.

నేను ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెప్తాను. వేవ్ ఆప్టిక్స్ (కాంతిని అలలుగా చూసే) పాఠం వచ్చిందంటే ఎవరో ఒకరు ఇదే అడుగుతారు. బ్లేడుతో మిల్లీమీటరంత ముక్కోణపు బెజ్జం కోసి చేతికిస్తాను. రెండు మీటర్ల దూరాన అదీ గుండ్రంగానే పడుతుంది, సుమారు రెండు సెంటీమీటర్ల వెడల్పున. బెజ్జానికీ గోడకీ ఉన్న దూరాన్ని 108తో భాగించండి, మచ్చ వెడల్పు దాదాపు అంతే వస్తుంది. పెంకుటిళ్లలో మధ్యాహ్నం నేల మీద పడే ఎండబిళ్లలూ ఇవే. సూర్యగ్రహణం పూట అవి నెలవంకలైపోతాయి.

అలాగని వివర్తనం జరగట్లేదని కాదు. అర మిల్లీమీటరు బెజ్జానికి మొదటి చీకటి వలయం, మధ్య నుంచి 0.08 డిగ్రీల దగ్గర ఉండాలి. సూర్యబింబం వెడల్పేమో 0.53 డిగ్రీలు. బింబంలోని ప్రతి బిందువూ తన వలయాలు తాను గీస్తుంది, అవన్నీ ఒకదాని మీదొకటి పడి చెరిగిపోతాయి. పైగా ఎరుపు వలయం పెద్దది, నీలం వలయం చిన్నది, కాబట్టి రంగులూ ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. వివర్తనం సూర్యబింబాన్ని మించి పరుచుకోవాలంటే బెజ్జం 0.07 మిల్లీమీటర్ల లోపు ఉండాలి. అంత సన్నటి దాంట్లోంచి వచ్చే వెలుతురు గోడ మీద ఆనదు.

ఇటలీలోని బొలోన్యాలో గ్రిమాల్డీ అనే పదిహేడో శతాబ్దపు శాస్త్రవేత్త దీనికి దారి ఎప్పుడో చూపించాడు. చీకటి గదిలోకి సన్నటి బెజ్జం గుండా ఎండ రానిచ్చి, దూరంగా రెండో బెజ్జం పెట్టాడు. కిరణాలు తిన్నగా వెళ్తే పడాల్సిన దానికంటే మచ్చ పెద్దదిగా పడింది. ఆయన పోయాక 1665లో అచ్చయిన పుస్తకంలో ఇదంతా ఉంది. మొదటి బెజ్జం చేసే పని, సూర్యుణ్ణి చిన్న చుక్కగా కుదించడం.

నాకు మాత్రం ఇంకో పద్ధతి ఇష్టం. సైకిల్ బేరింగులోని ఉక్కు గుండొకటి నల్లగుడ్డ మీద పెట్టి ఎండలో ఉంచండి. దాని మీద సూర్యుడు మెరుపు చుక్కలా ఉంటాడు. మూడు మీటర్ల అవతల నీడలో నిలబడి, బెజ్జాన్ని కంటికి ఆనించి ఆ చుక్కను చూడండి. నడుమ వెలుగుబిళ్ల, దాని చుట్టూ పలచటి వలయం తేలతాయి. 1835లో ఇంగ్లండు ఖగోళ శాస్త్రవేత్త ఎయిరీ లెక్కగట్టిన ఆకారం ఇదే. మొదటి వలయం గరిష్ఠ కాంతి నడిమి కాంతిలో రెండు శాతం కూడా ఉండదు, కాబట్టి కాసేపు ఓపిక పట్టాలి. ఎర్ర సెల్లోఫేన్ కాగితం అడ్డం పెడితే అంచులు తేరుకుంటాయి. రేకును అట్ట మీద పరిచి సూది మొన మాత్రం దిగేలా తిప్పండి, బెజ్జం ఎంత సన్నమైతే వలయాలు అంత పెద్దవి. సూర్యుడి వైపు మాత్రం, ఎంత చిన్న బెజ్జంలోంచైనా సరే, చూడకండి.