కోటి రూపాయల చదువు, పన్నెండు నెలల గడువు

ప్రశ్న: మా అమ్మాయి సికింద్రాబాదులో బీఏఎస్ఎల్‌పీ (వినికిడి, మాట సమస్యల చికిత్స నేర్పే డిగ్రీ) చివరి ఏడాది ఇంటర్న్‌షిప్‌లో ఉంది. మాటలు సరిగా రాని పిల్లలతో పనిచేయడమంటే తనకు ప్రాణం. ‘కాకి’ని ‘తాకి’ అనే నాలుగేళ్ల బాబు మొదటిసారి ‘క’ పలికిన రోజు ఫోను చేసి ఆనందంతో ఏడ్చేసింది. ఇప్పుడు అమెరికాలో స్పీచ్ లాంగ్వేజ్ పాథాలజీ మాస్టర్స్‌కు దరఖాస్తు చేస్తానంటోంది. 45 లక్షలు అవుతుందని కన్సల్టెన్సీ వారు చెప్పారు. పన్నెండు యూనివర్సిటీలకు దరఖాస్తులు పెట్టించడానికి లక్షన్నర అడుగుతున్నారు. మావారు ప్రభుత్వ జూనియర్ కళాశాలలో అధ్యాపకులు, ఇంకో మూడేళ్లలో పదవీ విరమణ. పింఛను 60 వేల దాకా రావచ్చు. నేను ప్రైవేటు పాఠశాలలో టీచర్ని. ఇద్దరికీ కలిపి నెలకు లక్షా 60 వేలు చేతికి వస్తాయి. 18 లక్షల డిపాజిట్లు, 70 లక్షల విలువైన ఇల్లు, 30 తులాల బంగారం ఉన్నాయి. అబ్బాయి ఇంటర్ మొదటి ఏడాది. అమ్మాయి సీనియర్లకు ఇక్కడి క్లినిక్‌లలో నెలకు 30 వేలకు మించి రావడం లేదు. ఇల్లు తనఖా పెట్టి పంపించమంటారా?
– ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: అమ్మా, ముందుగా ఆ 45 లక్షల సంగతి తేల్చుకుందాం. అది చదువు మొత్తానికి అయ్యే ఖర్చు కాదు, దాదాపు మొదటి ఏడాదిది. అమెరికా విశ్వవిద్యాలయాలు వీసా కోసం ఇచ్చే ఐ-20 పత్రంలో సాధారణంగా ఒక విద్యా సంవత్సరం ఖర్చే ఉంటుంది. చాలా కన్సల్టెన్సీలు ఆ అంకెనే తల్లిదండ్రుల ముందు పెడతాయి. స్పీచ్ పాథాలజీ మాస్టర్స్ సాధారణంగా రెండేళ్ల చదువు, అందులో ఐదారు సెమిస్టర్లు. వేసవిలోనూ తరగతులు, క్లినిక్ పని ఉంటాయి కాబట్టి ఆ నెలలకూ ఫీజు, అద్దె తప్పవు. ఇంజినీరింగ్ పిల్లల్లాగా వేసవి ఇంటర్న్‌షిప్‌లో నాలుగు డాలర్లు వెనకేసుకునే వీలు ఇక్కడ తక్కువ. క్లినిక్‌లలో చేసే శిక్షణకు చాలావరకు జీతం ఉండదు.

మధ్యస్థంగా ఉండే ఒక ప్రభుత్వ విశ్వవిద్యాలయాన్ని మనసులో పెట్టుకుని నేను వేసిన అంచనా ఇది. రెండేళ్ల ట్యూషన్, ఇతర ఫీజులు 60 వేల డాలర్లు. అద్దె, తిండి, రవాణా 36 వేలు. ఆరోగ్య బీమా, విమాన టికెట్లు, వీసా, చిల్లర ఖర్చులు 9 వేలు. మొత్తం లక్షా 5 వేల డాలర్లు. డాలరు 90 రూపాయలనుకుంటే 94 లక్షల 50 వేలు. ప్రైవేటు విశ్వవిద్యాలయమైతే కోటి దాటడానికి ఎంతో సేపు పట్టదు. ఈలోగా రూపాయి ఇంకా జారితే ఆ భారమూ మీమీదే పడుతుంది.

ఇందులో 80 లక్షలు 10.5 శాతం వడ్డీకి అప్పు తెచ్చారనుకుందాం. చదివే రెండేళ్లు, ఆపైన ఆరు నెలలు ఈఎంఐ కట్టనక్కర్లేదు. కానీ వడ్డీ ఆగదు. డబ్బు విడతలుగా తీసుకున్నా, మొదటి ఈఎంఐ నాటికి బాకీ దాదాపు 92 లక్షల 60 వేలకు చేరుతుంది. దాన్ని పదిహేనేళ్లలో తీర్చాలంటే నెలకు లక్షా 2 వేలు కట్టాలి. ఆ ఈఎంఐలు మొదలయ్యేది సరిగ్గా మీవారి జీతం ఆగిపోయే రోజుల్లోనే అన్నది గమనించండి.

అమ్మాయికి అక్కడ ఉద్యోగం నిలబడితే ఈ అప్పు భయపెట్టేదేమీ కాదు. అమెరికా కార్మిక గణాంకాల విభాగం ప్రకారం 2024 మేలో ఈ వృత్తిలో మధ్యస్థ వార్షిక వేతనం 95,410 డాలర్లు. మొదటి ఏడాది అంత రాకపోవచ్చు. అయినా నెలకు 1,140 డాలర్ల ఈఎంఐ ఒక ఉద్యోగి జీతంలో సర్దుకునేదే. తిరిగి రావలసి వస్తే మాత్రం, సీనియర్లకు వస్తున్న 30 వేలూ పూర్తిగా కట్టినా ఈఎంఐలో మూడో వంతు తీరదు. అందువల్ల అమ్మాయి అక్కడ ఎంతకాలం పనిచేయగలదన్నదే మీ ఇంటి ఆర్థిక ప్రశ్న. జీతం ఎంతన్నది ఆ తర్వాతి సంగతి.

ఇక్కడ మీకు ఎవరూ చెప్పని విషయం ఒకటుంది. అమెరికాలో కంప్యూటర్ సైన్స్ చదివిన మీ బంధువుల పిల్లలకు చదువయ్యాక అక్కడే పనిచేయడానికి పన్నెండు నెలల ఓపీటీ అనుమతి, దానిపైన మరో 24 నెలల పొడిగింపు దొరుకుతాయి. స్పీచ్ లాంగ్వేజ్ పాథాలజీ ఆ పొడిగింపు ఉన్న స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, గణితం) జాబితాలో లేదు. అమ్మాయికి ఉండేది పన్నెండు నెలలే. ఆ ఏడాదిలో ఏం చేయాలో చూడండి. అమెరికన్ స్పీచ్ లాంగ్వేజ్ హియరింగ్ అసోసియేషన్, అందరూ ఆషా అనేది, ఇచ్చే వృత్తి ధ్రువపత్రం కావాలంటే మాస్టర్స్‌తో పాటు 400 గంటల క్లినికల్ అనుభవం, ప్రాక్సిస్ అనే వృత్తి అర్హత పరీక్ష, ఆపైన కనీసం 36 వారాలు, 1,260 గంటల క్లినికల్ ఫెలోషిప్, అంటే సీనియర్ల పర్యవేక్షణలో చేసే తొలి ఉద్యోగం, పూర్తి చేయాలి. ఫెలోషిప్‌కు ముందు ఆ రాష్ట్రం లైసెన్సు తెచ్చుకోవాలి. ఓపీటీ మొదలయ్యాక మొత్తం 90 రోజులకు మించి ఉద్యోగం లేకుండా ఉండకూడదు. మేలో పట్టా పుచ్చుకుని, ఆగస్టులో ఏదో బడిలో ఫెలోషిప్ మొదలుపెడితే, మరుసటి మే నాటికి అది పూర్తవుతుంది. అప్పటికి ఓపీటీ గడువు దగ్గరపడుతుంది. మధ్యలో మార్చిలో హెచ్-1బీ ఉద్యోగ వీసా లాటరీ. చాలామందికి అందే అవకాశం అదొక్కటే.

లాటరీ లేకుండా తీసుకోగలిగే సంస్థలూ ఉన్నాయి: విశ్వవిద్యాలయాలు, వాటికి అనుబంధంగా ఉన్న లాభాపేక్ష లేని ఆసుపత్రులు. పట్టా చేతికి రాకముందే అలాంటి చోట ఫెలోషిప్ వెతుక్కోవడం అమ్మాయి చేయగల అతి మంచి ప్రయత్నం. మామూలు ప్రభుత్వ బడులకు ఆ వెసులుబాటు సాధారణంగా ఉండదు. 2025 సెప్టెంబరులో కొత్త హెచ్-1బీ దరఖాస్తుకు లక్ష డాలర్ల రుసుము ప్రకటించారు. అమెరికాలోనే ఉండి విద్యార్థి వీసా నుంచి మారేవారికి అది వర్తించదని ఆ తర్వాత వివరణ వచ్చింది. కానీ గడువు ముగిసి ఇండియాకు వచ్చేసి, మళ్లీ ఇక్కడి నుంచి వెళ్లాలనుకుంటే ఆ నిబంధన అడ్డుపడుతుంది. ఇది మారవచ్చు. అయితే మారుతుందన్న ఆశ మీద ఇల్లు తనఖా పెట్టకూడదు.

అందుకే నా సలహా ఒక్కటే: అమ్మాయి ఏడాదికే తిరిగి వచ్చినా కట్టగలిగినంత అప్పే చేయండి. అమెరికా జీతాన్ని లెక్కలోకి తేవద్దు. అమెరికా పట్టాతో తిరిగి వస్తే ఇక్కడ నెలకు 40 వేలు సంపాదిస్తుందనుకుందాం, అందులో 20 వేలు అప్పుకు పెడుతుంది. పింఛను, మీ జీతం కలిపి మీరు ఇంకో 25 వేలు భరించగలరు. ఈ 45 వేలతో పదిహేనేళ్లలో తీరేది 40 లక్షల 50 వేల బాకీ. చదువు కాలంలో పెరిగే వడ్డీని వెనక్కి తీసేస్తే మీరు తీసుకోదగ్గ రుణం 35 లక్షలు. డిపాజిట్లలో 6 లక్షలు అబ్బాయి చదువుకు, అత్యవసరానికి ముట్టుకోకుండా ఉంచి, 12 లక్షలు కలపండి. 47 లక్షలు, అంటే 52 వేల డాలర్లు. మీ గీత అక్కడే.

ఇందాకటి అంచనాలో ట్యూషన్ కాకుండా మిగతా ఖర్చే 45 వేల డాలర్లు. కాబట్టి ట్యూషన్‌కు మిగిలేది 7 వేలు. ట్యూషన్‌లో అధిక భాగం మాఫీ చేసే అసిస్టెంట్‌షిప్, అంటే విశ్వవిద్యాలయంలోనే చేసే పార్ట్‌టైమ్ పని, దొరికితేనే వెళ్లాలని దీని అర్థం. ఈ మాట అమ్మాయికి చేదుగా ఉంటుందని తెలుసు. కానీ ఇలాంటి అవకాశాలు లేకపోలేదు. కొన్ని విశ్వవిద్యాలయాలు అసిస్టెంట్‌షిప్‌తో ట్యూషన్ మాఫీ చేసి, నెలకు కొంత భృతి కూడా ఇస్తాయి. ఇతర రాష్ట్రాల వారికి వేసే అదనపు ఫీజు తీసేసేవీ ఉన్నాయి. ఇది తమ విభాగంలోనే ఉండనక్కర్లేదు, గ్రంథాలయంలోనో విద్యార్థి సేవల కార్యాలయంలోనో కూడా దొరకవచ్చు.

కాబట్టి పన్నెండు దరఖాస్తులు వద్దు. ఐదారు చాలు, వాటిని డబ్బు వైపు నుంచి ఎంచుకోండి. ఆషా వారి ఎడ్‌ఫైండ్ అనే ఉచిత వెబ్‌సైటులో ఒక్కో కోర్సు ప్రవేశాలు, ఖర్చు, ఆర్థిక సహాయం వివరాలు దొరుకుతాయి. గుర్తింపు ఉన్న ప్రతి కోర్సూ తన విద్యార్థుల్లో ఎంతమంది సమయానికి పూర్తి చేశారో, ప్రాక్సిస్ ఎంతమంది గట్టెక్కారో, ఉద్యోగాలు ఎంతమందికి వచ్చాయో ప్రకటించాలి. అవి చూశాక అమ్మాయి చేత ఆయా విభాగాలకు నేరుగా ఈమెయిలు రాయించండి. విదేశీ విద్యార్థులకు గత రెండేళ్లలో ట్యూషన్ మాఫీ ఇచ్చారా? బయటి క్లినిక్‌లలో శిక్షణను సీపీటీగా, అంటే చదువులో భాగంగా బయట పనిచేసే అనుమతిగా, ఎలా నమోదు చేస్తారు? విదేశీ విద్యార్థుల్లో ఫెలోషిప్ పూర్తి చేసినవారు ఎక్కడ చేశారు? రెండో ప్రశ్న చిన్నదిగా కనిపిస్తుంది కానీ, పూర్తికాలపు సీపీటీ పన్నెండు నెలలకు చేరితే ఓపీటీ మొత్తం పోతుంది. వీటికి నోరు విప్పని విభాగానికి దరఖాస్తు ఫీజు కూడా దండగే.

దరఖాస్తులు చాలావరకు సీఎస్‌డీ క్యాస్ అనే ఉమ్మడి పోర్టల్‌లోనే పెట్టాలి. మొదటి కోర్సుకు వంద డాలర్లకు పైన, ఆ తర్వాత ఒక్కోదానికి సుమారు 50 డాలర్లు పడుతుంది. మార్కుల పత్రాల మూల్యాంకనం, ఇంగ్లిష్ పరీక్ష, కొన్ని విశ్వవిద్యాలయాల సొంత ఫీజు కలిపి ఆరు దరఖాస్తులకు లక్షా పాతిక వేలు సరిపోతాయి. చాలా కోర్సులు జీఆర్ఈ అడగడం మానేశాయి కాబట్టి, జాబితా తయారయ్యాకే ఆ పరీక్షకు డబ్బు కట్టాలా వద్దా చూడండి. ఎఫ్-1 విద్యార్థి వీసాకు 185, విదేశీ విద్యార్థుల నమోదు వ్యవస్థ సెవిస్‌కు 350 డాలర్లు సీటు వచ్చాక కట్టేవి. కన్సల్టెన్సీ అడిగే లక్షన్నర దేనికో నాకు అర్థం కాలేదు. క్లినిక్‌లో పిల్లల రిపోర్టులు రాసే అమ్మాయి తన వ్యాసం తాను రాసుకోగలదు.

ఇక ఇక్కడే ఉన్న దారి. మైసూరులోని అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ 1965లో ఏర్పడిన కేంద్ర ప్రభుత్వ సంస్థ, ముంబయిలో అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ఉంది. అక్కడ ఇదే మాస్టర్స్‌కు ప్రవేశ పరీక్షలో నెగ్గితే హాస్టలు, తిండి, రాకపోకలతో సహా రెండేళ్లకు 4 లక్షలు పక్కన పెడితే గడుస్తుందని నా అంచనా. అప్పు అక్కర్లేదు. అమెరికా తలుపూ మూసుకుపోదు: బయట దేశాల్లో చదివినవారి పట్టా అక్కడి మాస్టర్స్‌కు సమానమని మూల్యాంకనంలో తేలితే, మిగతా షరతులన్నీ తీర్చి ఆషా ధ్రువపత్రానికి దరఖాస్తు చేసుకోవచ్చు. పైగా బ్రిటన్‌లో, ఆస్ట్రేలియాలో ఈ వృత్తిలో చేరడానికి డిగ్రీ స్థాయి అర్హత చాలు. బ్రిటన్‌లో హెల్త్ అండ్ కేర్ ప్రొఫెషన్స్ కౌన్సిల్ వద్ద విదేశీ అర్హతతో నమోదుకు బీఏఎస్ఎల్‌పీతోనే ప్రయత్నించవచ్చు. ఇంగ్లిష్ పరీక్ష ఐఈఎల్‌టీఎస్‌లో మొత్తం 8, ఏ విభాగంలోనూ 7.5కు తగ్గకూడదన్న గట్టి షరతు ఉంది. అది కష్టమే, కానీ దాని ధర కోటి రూపాయలు కాదు. కాబట్టి డిసెంబరు, ఫిబ్రవరి మధ్య గడువులున్న అమెరికా దరఖాస్తులతో పాటు మైసూరు ప్రవేశ పరీక్షకూ తయారవమనండి. అమెరికాలో చాలా కోర్సులు నిర్ణయానికి ఏప్రిల్ 15 దాకా సమయం ఇస్తాయి. ఆ రోజుకు చేతిలో ఉన్న కాగితాన్ని 52 వేల డాలర్ల గీతతో పోల్చండి. తెలుగు పిల్లలకు తెలుగులో వైద్యం చేయగల మనుషులు మన జిల్లాల్లో ఎంత తక్కువో అమ్మాయికి నాకంటే బాగా తెలుసు. ఆమె ఇక్కడ చదివితే ఏదో కోల్పోయినట్టు మీరు భావించవద్దని నా మనవి.

గీత లోపల సీటు వస్తే ఇల్లు తనఖా పెట్టడానికి నాకు అభ్యంతరం లేదు. ప్రభుత్వ రంగ బ్యాంకులు 7.5 లక్షలు దాటితే సాధారణంగా తనఖా అడుగుతాయి, వడ్డీ మాత్రం తనఖా లేని ప్రైవేటు ఫైనాన్స్ సంస్థల కంటే తక్కువ. ఎస్‌బీఐ వంటి బ్యాంకుల్లో అమ్మాయిలకు అర శాతం రాయితీ ఉంది. మీవారికి జీతం వస్తున్నన్నాళ్లూ నెలనెలా వడ్డీ కట్టేయండి. ముప్పై నెలల్లో సగటున 18 వేలు పడుతుంది, ఈఎంఐ 44,800 నుంచి 38,700కు దిగుతుంది. విద్యా రుణ వడ్డీ మినహాయింపు, ఇన్నాళ్లూ 80ఈ అని పిలిచినది, పాత పన్ను విధానంలోనే దొరుకుతుంది. అమ్మాయికి ఇక్కడ ఆదాయం ఉండదు కాబట్టి రుణంలో మీవారు కూడా ఉండి, ఆయన ఖాతా నుంచే వడ్డీ వెళ్లేలా చూడండి. బ్యాంకు రుణం నుంచి పంపే ఫీజుపై టీసీఎస్, అంటే విదేశాలకు డబ్బు పంపేటప్పుడు ముందే వసూలు చేసే పన్ను, లేదు. సొంత డబ్బు ఏడాదికి 10 లక్షలు దాటితే ఉంటుంది, కాబట్టి ఆ 12 లక్షలను రెండు ఆర్థిక సంవత్సరాల్లో పంపండి. తెలంగాణ ఓవర్సీస్ విద్యానిధి పథకాలకు కుటుంబ ఆదాయం ఏడాదికి 5 లక్షలు దాటకూడదు, మీకు వర్తించవు. బంగారం జోలికి వెళ్లవద్దు.

చివరగా బీమా. సంపాదన లేని విద్యార్థికి మామూలు టర్మ్ పాలసీ దొరకడం కష్టం కాబట్టి బ్యాంకు తన రుణ రక్షణ పాలసీ తీసుకోమంటుంది. తీసుకోండి, కానీ ప్రీమియం మీ చేతి నుంచి కట్టండి. రుణంలో కలపమని వారే అడుగుతారు. ఒప్పుకుంటే ఆ ప్రీమియం మీద కూడా పదిహేనేళ్లు వడ్డీ కట్టాల్సి వస్తుంది.