నటి ఎక్కువ సినిమాలు చేస్తే మంచిదా, ఏరి కోరి చేస్తే మంచిదా?

నన్నడిగితే, దేన్ని వద్దనాలో తెలియడమే సగం కెరీర్. కథ విన్నప్పుడు ఒకటే పరీక్ష: మన పాత్రను తీసేసినా సినిమా నడుస్తుందా? నడుస్తుందంటే అక్కడ మనం పాటలకే.

సాయి పల్లవిని చూడండి. 2017లో ‘ఫిదా’తో తెలుగులోకి వచ్చింది. మాతృభాష కాకపోయినా తెలంగాణ యాస నేర్చుకుని సొంతంగా డబ్బింగ్ చెప్పుకుంది. పాత్ర జనంలోకి వెళ్లడానికి ఆ గొంతే పెద్ద కారణం. తర్వాత ఫెయిర్‌నెస్ క్రీమ్ యాడ్‌ను కాదనుకుంది. మొటిమలతోనే తెరపై కనిపించిన నటి ఆ యాడ్ చేసుంటే ఎబ్బెట్టుగా ఉండేది.

ఇంకో దారి, పగ్గాలు మన చేతిలోకి తీసుకోవడం. భానుమతి తన పాటలు తానే పాడుకునేవారు, భర్తతో కలిసి సినిమాలు నిర్మించారు, 1953లో ‘చండీరాణి’కి దర్శకత్వం వహించారు, అదీ మూడు భాషల్లో! ఇది అందరికీ సాధ్యం కాదనుకోండి.

కొత్తవాళ్లకు ‘నో’ చెప్పడమంటే టెన్షనే. ఇల్లు గడవాలి కదా. అందుకే మొదట్లో చిన్న పాత్రలు ఒప్పుకోవడంలో తప్పులేదు. కానీ ఒకే మూస పాత్ర వరుసగా వస్తుంటే మాత్రం అక్కడ ఆగి చూసుకోవాలి.