కాటా ఖాళీగా ఉన్నా రెండో లారీ ఎందుకు ఆగుతోంది?
లారీలు ఎప్పుడు కాటా ఎక్కాలో లెక్కగట్టే మీ భీమవరం మిల్లు మోడల్‌లో ధాన్యం లారీ ఊరికే ఆగుతోందన్నారు కదా. షరతులు సరిగానే ఉన్నాయి, తేడా లక్ష్యంలో ఉంది. మీరు చివరి లారీ ముగింపు ఒక్కటే తగ్గిస్తున్నారు.

1. షరతులు రెండూ ఉంచండి: మొదలు (తూకం మొదలయ్యే సమయం) ≥ రాక, మొదలు ≥ ముందు లారీ ముగింపు.

2. చాలామంది వదిలేసేది ఇదే. ≥ అంటే ‘అంతకు ముందు వద్దు’ అనే, ‘వెంటనే ఎక్కు’ అని కాదు. అన్ని మొదలు సమయాల మొత్తాన్ని తగ్గించమనండి.

రాకలు 0, 2, 30 నిమిషాలకు. తూకం 5 నిమిషాలు అనుకోండి. ఇప్పుడు రెండో లారీ 5కి ఎక్కినా 25కి ఎక్కినా లెక్క తేల్చే సాఫ్ట్‌వేర్ అయిన సాల్వర్‌కి ఒకటే, చివరి లారీ ముగింపు 35కే. మొదలు సమయాల మొత్తాన్ని తగ్గిస్తే అవి 0, 5, 30 వస్తాయి.

3. లారీలు వచ్చిన వరసే అయితే, ఏది ముందో చెప్పే 0/1 చరరాశులు (బైనరీలు), వాటితో షరతుల్ని ఆన్-ఆఫ్ చేసే పెద్ద సంఖ్య (బిగ్-ఎమ్) తీసేయండి, దండగ బరువు. వరస సాల్వరే తేల్చాలంటే మాత్రం ఉంచండి.